మోటారు సైకిలు సంరక్షణ: కొత్త వాహనదారులకు ప్రథమ పాఠాలు

గ్రామీణ ప్రాంతాలలో మోటారు సైకిలు విలాస వస్తువుగా పరిగణించబడిన రోజులు గడచిపోయాయి. తెల్లవారకముందే పాల కేంద్రానికి పాలు చేర్చే రైతు, ఊరూరా తిరిగి చేపలు, కూరగాయలు, బట్టలు అమ్ముకొనే చిరువ్యాపారి, పశువుల చికిత్సకు బయలుదేరే గోపాలమిత్ర, పొలానికి విత్తనాలు, ఎరువులు తీసుకొని వెళ్ళే సన్నకారు రైతు - వీరందరికీ ద్విచక్ర వాహనం నేడు ఒక పనిముట్టు. నాగలి, పంపుసెట్టు వలెనే అదీ రాబడి తెచ్చే సాధనం.

ఇటువంటి వాహనాలలో అనేకం బ్యాంకు రుణంతో కొన్నవే. రుణం తీసుకొన్నవారు నెలసరి వాయిదా ఎంత, ఎన్ని నెలలు చెల్లించాలి అని శ్రద్ధగా అడిగి తెలుసుకొంటారు. ఆ వాయిదాలు ముగిసేదాకా వాహనం మంచి స్థితిలో నడవడానికి ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. వాహనం మూలపడిన రోజున రాబడి ఆగుతుంది. వాయిదా తేదీ మాత్రం ఆగదు. అందువల్ల సంరక్షణ అనేది మెకానిక్కుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. అది రుణ చెల్లింపులో ఒక భాగం. తనిఖీ నిమిత్తం గ్రామాలకు వెళ్ళినపుడు నేను వాహనంలో మొదట చూసేది మీటరును కాదు, చైనును. చైను స్థితిని బట్టి మిగిలిన వాహనాన్ని యజమాని ఎలా చూసుకొంటున్నాడో చాలావరకు తెలిసిపోతుంది.

కొత్తగా వాహనం కొన్నవారు స్వయంగా చేసుకోదగిన పనులను ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తున్నాను. ఇందులోని కొలతలు 100 నుంచి 125 సి.సి. సామర్థ్యం గల, సాధారణంగా గ్రామాలలో కనిపించే వాహనాలకు వర్తించేవి. మీ వాహనంతోపాటు కంపెనీవారు ఇచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉన్నట్లయితే ఆ అంకెనే పాటించండి. ఆ పుస్తకాన్ని సీటు కింద మరచిపోక, ఇంట్లో పట్టాదారు పాసు పుస్తకంతో సమానంగా భద్రపరచండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త ఇంజనులో పిస్టను, సిలిండరు, గేర్ల పళ్ళు కంటికి నునుపుగా కనిపించినా, సూక్ష్మంగా చూస్తే గరుకుగానే ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి ఒరుసుకొంటూ క్రమంగా సర్దుకొంటాయి. ఈ దశలో అధిక వేగం, అధిక భారం రెండూ హాని చేస్తాయి. మొదటి 500 కిలోమీటర్ల వరకు గంటకు 40 నుంచి 45 కిలోమీటర్లు మించకుండా నడపండి. చాలాసేపు ఒకే వేగంతో పోకుండా వేగాన్ని మార్చుతూ ఉండండి. టాప్ గేరులో ఉండగా వాహనం ఎక్కలేక వణుకుతున్నట్లయితే కింది గేరుకు మార్చండి. వాహనం కొన్న వారంలోనే పాల డబ్బాలు కట్టి పరుగెత్తించడం మంచిది కాదు.

మొదటి సర్వీసింగును సాధారణంగా 500 నుంచి 750 కిలోమీటర్ల మధ్య చేయించాలి. సర్దుకొనే క్రమంలో రాలిన లోహపు పొడి ఆయిలులో కలిసి ఉంటుంది కనుక ఈ మొదటి ఆయిలు మార్పిడి అన్నిటికన్నా ముఖ్యమైనది. ఉచిత సర్వీసింగు కూపన్లకు కిలోమీటర్లతోపాటు రోజుల గడువు కూడా ఉంటుంది. ఏది ముందు వస్తే దానిని పాటించాలి. గడువు దాటితే వారంటీ హక్కు విషయంలో చిక్కులు రావచ్చు.

ఇంజను ఆయిలు

ఇంజను లోపల ఆయిలు నాలుగు పనులు చేస్తుంది: లోహభాగాల మధ్య పలుచని పొరగా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది, వేడిని బయటికి చేరవేస్తుంది, మసిని, లోహపు పొడిని తనలో కలుపుకొంటుంది, గేర్లకు, క్లచ్చి ప్లేట్లకు కూడా తానే ఆధారమవుతుంది. చిన్న వాహనాల ఇంజనులో ఉండే ఆయిలు సుమారు ఒక లీటరు లేదా అంతకన్నా కొంచెం తక్కువ. ఆ కొద్ది ఆయిలులో పావు వంతు తగ్గినా మిగిలినదానిపై భారం పెరుగుతుంది.

వారానికి ఒకసారి ఆయిలు మట్టం చూడండి. వాహనాన్ని సమతలమైన నేలపై సెంటర్ స్టాండు వేసి నిలపండి. ఇంజనును రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. మరో రెండు మూడు నిమిషాలు ఆగిన తరువాత కొలత పుల్లను బయటికి తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, తిరిగి పెట్టి తీసి చూడండి. అనేక వాహనాలలో ఆ పుల్లను మర బిగించకుండా ఊరక ఆనించి చూడాలి. మీ పుస్తకంలో ఏ పద్ధతి ఉన్నదో గమనించండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు దిగువన ఉంటే వెంటనే పోయాలి. పై గీత దాటేలా పోయడమూ తప్పే.

ఆయిలును ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పుస్తకంలో ఉంటుంది. దుమ్ము దారులలో, బరువులతో నడిచే వాహనానికి ఆ గడువును పొడిగించరాదు. మోటారు సైకిళ్ళకు ఉద్దేశించిన ఆయిలునే వాడండి. డబ్బాపై 10 డబ్ల్యు-30 లేదా 20 డబ్ల్యు-40 వంటి గ్రేడుతోపాటు ‘జాసో ఎం.ఏ.’ అనే గుర్తు ఉన్నదేమో చూడండి. మోటారు సైకిలు క్లచ్చి ఆయిలులోనే మునిగి పనిచేస్తుంది. కార్ల కోసం తయారైన కొన్ని ఆయిళ్ళలో జారుడు గుణం పెంచే రసాయనాలు ఉంటాయి కనుక, అవి పోస్తే క్లచ్చి జారి వాహనం లాగదు. ట్రాక్టరు కోసం తెచ్చిన ఆయిలు మిగిలింది కదా అని మోటారు సైకిలుకు పోయడం ఏ విధంగానూ పొదుపు కాదు. తీసివేసిన పాత ఆయిలును కాలువలో గాని, బావి దగ్గర గాని పారబోయక, డబ్బాలో పట్టి సర్వీసింగు కేంద్రంలో అప్పగించండి.

గాలి వడపోత

ఇంజను పెట్రోలుతోపాటు గాలిని కూడా పీల్చుకొంటుంది. మొరం రోడ్డుపై ముందు లారీ పోతుండగా వెనుక నడిచే వాహనం పీల్చే గాలిలో ఎంత దుమ్ము ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు సిలిండరులోకి చేరితే ఆకురాయి వలె పనిచేస్తాయి. దానిని అడ్డుకొనేది ఎయిర్ ఫిల్టరు ఒక్కటే.

ఫిల్టరు పూడుకుపోతే గాలి తగ్గుతుంది, వాహనం లాగడం తగ్గుతుంది, కార్బురేటరు ఉన్న వాహనాలలో పెట్రోలు ఎక్కువ కాలి నల్లని పొగ వస్తుంది. స్పాంజి రకం ఫిల్టరును కిరోసిన్ వంటి మంట త్వరగా అంటుకోని ద్రావకంతో కడిగి, నీడన ఆరబెట్టి, శుభ్రమైన ఆయిలులో తడిపి, బాగా పిండి అమర్చాలి. పెట్రోలుతో కడగడం అగ్నిప్రమాదానికి దారి తీస్తుంది. కాగితం రకం ఫిల్టరును కడగరాదు. నేడు అనేక వాహనాలలో వస్తున్న జిగురు పూసిన కాగితపు ఫిల్టరును దులపడం, గాలి కొట్టడం కూడా చేయరాదు. గడువు రాగానే కొత్తది వేయాలి. ఫిల్టరు తీసివేసి నడిపితే వాహనం బాగా లాగుతుందని చెప్పేవారి మాట వినకండి.

చైను

ఇంజను శక్తిని వెనుక చక్రానికి చేరవేసేది చైను. చైను సాగిందని మనం అంటాం గాని, నిజానికి ఉక్కు సాగదు. లంకెల లోపలి పిన్నులు అరిగి, ఒక్కొక్క లంకె వద్ద వెంట్రుకవాసి వదులు ఏర్పడి, నూటికి పైగా లంకెల వదులు కలిసి చైను పొడవు పెరుగుతుంది. ఆ పిన్నుల మధ్య ఆయిలు ఉన్నంతకాలం అరుగుదల తక్కువ.

సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి చైనును తుడిచి ఆయిలు వేయండి. వానలో తడిసినా, బురదలో నడిచినా అంతకు ముందే వేయండి. ఇందుకు 90 గ్రేడు గేర్ ఆయిలు గాని, చైను కోసం అమ్మే స్ప్రే గాని వాడవచ్చు. గ్రీజు పైపైన అంటుకొని ఇసుకను పట్టి ఉంచుతుంది, లోపలి పిన్నులకు చేరదు. ఇంజను నుంచి తీసిన పాత ఆయిలులో లోహపు పొడి ఉంటుంది కనుక అదీ పనికిరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంజను నడుస్తుండగా, వాహనాన్ని గేరులో ఉంచి, తిరిగే చైనుకు గుడ్డ ఆనించి తుడవడం కొందరికి అలవాటు. గుడ్డతోపాటు వేళ్ళు కూడా పళ్ళ చక్రంలోకి పోతాయి. ఇంజనును ఆపి, తాళం చెవి తీసి, న్యూట్రల్‌లో ఉంచి, వెనుక చక్రాన్ని చేతితో తిప్పుతూ మాత్రమే ఈ పని చేయాలి. పిల్లలను దగ్గరకు రానీయకండి.

చైను బిగుతు చూడడానికి, కింది వరుస మధ్యభాగాన్ని వేలితో పైకి, కిందికి కదపండి. చైను కవరు పూర్తిగా మూసి ఉన్న వాహనాలలో రబ్బరు మూత తీస్తే చైను కనిపిస్తుంది. కదలిక 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అనగా సుమారు ఒక అంగుళం ఉండాలి. మరీ వదులైతే చైను పడిపోయి చక్రం పట్టివేయవచ్చు. మరీ బిగుతైతే, వెనుక సీటుపై బరువు పడినపుడు చైను ఇంకా బిగుసుకొని గేరు బాక్సు బేరింగును దెబ్బ తీస్తుంది. బిగించేటపుడు చక్రానికి రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా ఉండేటట్లు చూడాలి. లేనిచో చక్రం వంకరగా నిలిచి టైరు ఒక పక్క అరుగుతుంది. చైను కలిపే క్లిప్పు మూసి ఉన్న కొన చైను తిరిగే దిశగా ఉండాలి. చైను అరిగితే దానితోపాటు ముందు, వెనుక పళ్ళ చక్రాలను కూడా కలిపి మార్చడమే మేలు. అరిగిన పళ్ళపై కొత్త చైను ఎక్కువ కాలం నిలవదు.

గేర్లు లేని స్కూటర్లకు చైను బదులు లోపల బెల్టు ఉంటుంది. మహిళా సంఘాల సభ్యులు అనేకులు నేడు ఇవి నడుపుతున్నారు. బెల్టుకు ఆయిలు వేయవలసిన పని లేదు, వేయనూరాదు. అయితే వెనుక చక్రం వద్ద ఉండే గేర్ ఆయిలును గడువు ప్రకారం మార్పించడం మరువరాదు.

టైర్లు, గాలి

రోడ్డుకు, వాహనానికి మధ్య సంబంధం రెండు అరచేతులంత టైరు భాగం మాత్రమే. అందులో గాలి తగ్గితే టైరు పక్కలు వంగి వేడెక్కుతాయి, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది, మలుపులో వాహనం తూలుతుంది. గాలి మరీ ఎక్కువైతే పట్టు తగ్గి, గతుకులలో వాహనం ఎగిరిపడుతుంది.

సాధారణంగా ముందు చక్రానికి 25 పౌండ్లు, ఒక్కరే నడిపేటపుడు వెనుక చక్రానికి 28 పౌండ్ల దరిదాపులో ఉంటుంది. వెనుక మరొకరు కూర్చున్నా, సరుకు వేసినా వెనుక గాలి పెంచవలసి ఉంటుంది. మీ వాహనానికి సరైన అంకె పుస్తకంలోనే గాక, సాధారణంగా వాహనంపై అతికించిన కాగితంలోనూ ఉంటుంది. గాలిని ఉదయం, టైరు చల్లగా ఉన్నపుడే కొలిపించాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కద్దు. అటువంటి ఎండలో నడిచి వచ్చిన టైరులో గాలి వ్యాకోచించి కొలత ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీసివేస్తే, టైరు చల్లబడిన తరువాత తక్కువ పడుతుంది.

టైరు గాళ్ళలో అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు మిట్టలు ఉంటాయి. పై రబ్బరు అరిగి ఆ మిట్టలతో సమానమైనదంటే టైరు ఆయుష్షు తీరినట్లే. నున్నబడిన టైరు ఎండలో బాగానే నడుస్తుంది. మొదటి వాన పడిన రోజున జారుతుంది. వారానికొకసారి టైర్లలో గుచ్చుకొన్న మేకులు, తుమ్మ ముళ్ళు, పగుళ్ళు చూడండి. స్పోకులు ఉన్న చక్రమైతే ఒక్కొక్క స్పోకును చిన్న స్పానరుతో తట్టండి. వదులైన స్పోకు మోత మిగిలినవాటికి భిన్నంగా బోలుగా వినిపిస్తుంది.

బ్రేకులు

ఇంతవరకు చెప్పినవాటిలో లోపం జరిగితే డబ్బు నష్టం. బ్రేకు విషయంలో లోపం జరిగితే నష్టం ప్రాణానికి.

నడిచే వాహనంలోని చలనశక్తి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుందని మనం పాఠశాలలో చదువుకొన్నాం. దాని అర్థం రోడ్డుపై ఇది: గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరానికి 60 కిలోమీటర్ల వేగంలో నాలుగింతలు పడుతుంది. అదీ బ్రేకు మంచి స్థితిలో ఉంటేనే.

డ్రమ్ము బ్రేకుకు వెనుక పెడలు 20 నుంచి 30 మిల్లీమీటర్లు కిందికి పోయిన తరువాత పట్టడం మొదలు కావాలి. ముందు బ్రేకు పిడికి ఈ వదులు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. వెనుక బ్రేకు కడ్డీ చివరి నట్టును తిప్పి దీనిని సరిచేయవచ్చు. సరిచేసిన పిదప చక్రాన్ని ఎత్తి చేతితో తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. చైను బిగించినపుడు చక్రం వెనుకకు జరుగుతుంది కనుక ఆ తరువాత బ్రేకును తప్పక చూడాలి. బ్రేకు పూర్తిగా నొక్కినపుడు డ్రమ్ముపై ఉన్న బాణం గుర్తు ఎదుటి గుర్తును చేరిందంటే లోపలి బ్రేకు షూలు అరిగిపోయినట్లు. అప్పుడు నట్టు బిగించి లాభం లేదు, షూలు మార్పించాలి.

డిస్కు బ్రేకు ఉన్నవారు హ్యాండిలుపై ఉన్న చిన్న పాత్రలో ద్రవం మట్టం చూడాలి. అది కింది గీతకన్నా తగ్గితే బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, లేదా ఎక్కడో కారుతూ ఉండవచ్చు. రెండూ మెకానిక్కు చూడవలసినవే. డిస్కుపై ఆయిలు గాని, గ్రీజు గాని ఒక్క చుక్క పడరాదు. పడినట్లయితే బ్రేకు పట్టదు.

2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త ద్విచక్ర వాహనాలలో 125 సి.సి. వరకు ఉన్నవాటికి రెండు చక్రాల బ్రేకులు కలిసి పనిచేసే సి.బి.ఎస్. గాని, చక్రం బిగుసుకొనకుండా కాపాడే ఏ.బి.ఎస్. గాని, అంతకు మించినవాటికి ఏ.బి.ఎస్. తప్పనిసరి అయినది. సి.బి.ఎస్. ఉన్న వాహనాలలో కడ్డీలు, కేబుళ్ళ కొలతలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి కనుక వాటిని తెలిసిన మెకానిక్కు చేతనే సరిచేయించండి.

ముందు బ్రేకు వేస్తే పడిపోతామన్న భయంతో అనేకులు వెనుక బ్రేకుతోనే నెట్టుకొస్తారు. బ్రేకు వేసినపుడు బరువు ముందు చక్రం మీదికి మొగ్గుతుంది కనుక, ఆపే శక్తి అధికభాగం ముందు బ్రేకుదే. తిన్నని పొడి రోడ్డుపై రెండు బ్రేకులను కలిపి, క్రమంగా నొక్కడం అలవాటు చేసుకోండి. ఇసుక మీద, తడిసిన మట్టి మీద, మలుపులో మాత్రం ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు.

క్లచ్చి, కేబుళ్ళు

క్లచ్చి పిడి చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. వదులు లేకపోతే ప్లేట్లు సగం విడిచి జారుతూ అరిగిపోతాయి. ఇంజను మోత పెరిగినా వేగం పెరగకుండా ఉంటే అది క్లచ్చి జారుతున్న గుర్తు. నడిపేటపుడు రెండు వేళ్ళు క్లచ్చిపై, పాదం వెనుక బ్రేకుపై ఆనించి ఉంచే అలవాటును మొదటి నెలలోనే మానుకోండి. క్లచ్చి, బ్రేకు, ఎక్సలేటరు కేబుళ్ళలో ఒక్క పోగు తెగినట్లు కనిపించినా కేబులు మార్చండి. హ్యాండిలును పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పి చూసినపుడు ఎక్సలేటరు విడవగానే తనంతట వెనుకకు రావాలి.

బ్యాటరీ, ప్లగ్గు, పెట్రోలు

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత దాదాపు అన్ని మోటారు సైకిళ్ళకు కార్బురేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. వీటిలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉండి, పెట్రోలుతోనే చల్లబడుతుంది. ఎప్పుడూ ట్యాంకు అడుగంటేదాకా నడిపితే పంపు వేడెక్కి చెడిపోతుంది. కనుక కనీసం ఒకటి రెండు లీటర్లు నిలవ ఉంచండి. మీటరులో ఇంజను బొమ్మ గల పసుపు దీపం ఇంజను నడుస్తుండగా ఆరకుండా వెలుగుతూ ఉంటే సర్వీసింగు కేంద్రానికి తీసుకొని వెళ్ళండి.

మన పెట్రోలులో 2025 నాటికి ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకొనే స్వభావం ఉంది. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు బాగా ఉన్నదేమో చూడండి. వాహనాన్ని నెలల తరబడి కదపకుండా ఉంచరాదు.

ఇంజెక్షన్ వాహనాలకు బ్యాటరీ బలహీనపడితే కిక్కు కొట్టినా స్టార్టు కాకపోవచ్చు. బ్యాటరీ కొసలపై తెల్లని పూత చేరితే తుడిచి, వ్యాజిలిన్ పలుచగా రాయండి. మూతలు ఉన్న పాత రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి; బోరు నీరు పోస్తే ప్లేట్లు పాడవుతాయి. సీలు చేసిన బ్యాటరీని తెరవరాదు. సెల్ఫ్ బటనును ఒక్కసారికి ఐదు సెకన్లకు మించి నొక్కకండి.

స్పార్కు ప్లగ్గును ఇంజను చల్లబడిన తరువాతే తీయాలి. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. నల్లని మసి ఉంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అయినట్లు. తిరిగి బిగించేటపుడు మొదట చేతి వేళ్ళతోనే కొన్ని మరలు ఎక్కించి, ఆ తరువాతే స్పానరు వాడండి. ఇంజను తల అల్యూమినియంతో చేసినది. మర తప్పి ఎక్కితే ఆ మరమ్మతు ప్లగ్గు ధరకు ఎన్నో రెట్లు.

బరువు

చాలా 100 సి.సి. వాహనాలపై వేయదగిన మొత్తం బరువు, నడిపేవారితో కలిపి, 130 కిలోల దరిదాపులో ఉంటుంది. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 40 లీటర్ల పాలు సుమారు 41 కిలోలు. రెండు డబ్బాలకు 82 కిలోలు. నడిపేవారు 60 కిలోలు. మొత్తం 142 కిలోలు. ఖాళీ డబ్బాల బరువు ఇందులో చేర్చనేలేదు. అంటే రెండు నిండు డబ్బాలతోనే వాహనం తన పరిమితి దాటింది. దీని ఫలితం వెనుక షాక్ అబ్సార్బర్లపై, టైరుపై, బ్రేకులపై పడుతుంది. రెండు విడతలుగా వెళ్ళడమో, రోజూ ఇంత బరువు తప్పనిదైతే మూడు చక్రాల సరుకు వాహనం గురించి బ్యాంకులో విచారించడమో మేలు.

డబ్బాలు తగిలించే కొక్కేలకు అడ్డమని వెనుక చక్రం పక్కన ఉండే చీర రక్షణ కడ్డీని కొందరు తీసివేస్తారు. వెనుక కూర్చున్న స్త్రీల చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకొనకుండా ఉండడానికే మోటారు వాహన నిబంధనలలో ఆ కవచాన్ని తప్పనిసరి చేశారు. దానిని ఎట్టి పరిస్థితిలోనూ తొలగించకండి.

కడగడం, వానాకాలం

నల్లరేగడి మట్టి మడ్‌గార్డు లోపల గట్టిపడితే చక్రం తిరగదు. దమ్ము చేసిన పొలం నుంచి వచ్చిన రోజునే నీటితో కడగండి. ఇంజను వేడిగా ఉండగా చన్నీళ్ళు పోయరాదు. చక్రపు బేరింగులు, స్విచ్చులు, సైలెన్సరు గొట్టం లోపలికి నీటిని వేగంగా చిమ్మరాదు. కడిగిన తరువాత గాని, వాగు దాటిన తరువాత గాని నెమ్మదిగా నడుపుతూ బ్రేకులను కొన్నిసార్లు తేలికగా నొక్కండి. తడి ఆరి బ్రేకు తిరిగి పడుతుంది. చైనుకు ఆయిలు వేయడంతో ఈ పని ముగుస్తుంది.

మైలేజి లెక్క

ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకొని పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, మీటరు అంకె, లీటర్లు రాయండి. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే వాహనం లీటరుకు 60 కిలోమీటర్లు ఇస్తే 20 లీటర్లు అవసరం. చైను బిగుసుకొని, గాలి తగ్గి, ఫిల్టరు పూడి మైలేజి 54కు పడిపోతే 22 లీటర్లకు పైగా కావాలి. తేడా నెలకు రెండు లీటర్ల పైచిలుకు. 36 నెలల వాయిదా కాలంలో సుమారు 80 లీటర్లు. నేటి ధరతో మీరే గుణించి చూసుకోండి. మైలేజి తగ్గిన సంగతిని నోటు పుస్తకం మీకన్నా ముందే పసిగడుతుంది.

కాగితాలూ సంరక్షణలో భాగమే

2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయినది. ఆ కాగితం చూసి, తమ వాహనానికి ఐదేళ్ళు పూర్తి బీమా ఉన్నదని అనేకులు పొరబడుతున్నారు. థర్డ్ పార్టీ బీమా మీ వాహనం వల్ల ఇతరులకు కలిగే నష్టానికి మాత్రమే. మీ వాహనం దొంగిలించబడినా, కాలిపోయినా, ప్రమాదంలో నుజ్జయినా పరిహారం రావాలంటే సొంత నష్టం బీమా వేరుగా ఉండాలి. ఇది తరచుగా ఒక్క సంవత్సరానికే ఉంటుంది. దానిని పునరుద్ధరించకపోతే, వాహనం పోయిన తరువాత కూడా అప్పు మాత్రం మిగులుతుంది. నేడే మీ పాలసీ తీసి గడువు తేదీ చూడండి.

లైసెన్సు, ఆర్.సి., కాలుష్య పరీక్ష పత్రం గడువులు కూడా అదే నోటు పుస్తకంలో రాసుకోండి. నడిపేవారు, వెనుక కూర్చున్నవారు ఇద్దరూ ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్టు ధరించి పట్టీ బిగించుకోవాలి.

గుర్తుంచుకోవలసిన పట్టిక

ప్రతిరోజూ: రెండు బ్రేకులు, లైట్లు, హారను, టైర్లపై ఒక చూపు, వాహనం కింద ఆయిలు లేదా పెట్రోలు చుక్కలు.

వారానికొకసారి: ఆయిలు మట్టం, టైర్ల గాలి, చైను బిగుతు, క్లచ్చి వదులు, వదులైన నట్లు, స్పోకులు.

500 కిలోమీటర్లకు: చైను శుభ్రం చేసి ఆయిలు వేయడం.

నెలకొకసారి: బ్యాటరీ కొసలు, కేబుళ్ళు, బ్రేకు అరుగుదల గుర్తు, మైలేజి లెక్క, కాగితాల గడువులు.

కంపెనీ చెప్పిన గడువుకు: ఆయిలు మార్పిడి, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, పూర్తి సర్వీసింగు.

రోజువారీ తనిఖీకి రెండు నిమిషాలు, వారాంతపు తనిఖీకి పది పదిహేను నిమిషాలు చాలు. వాయిదాలన్నీ ముగిసిన తరువాత బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రాన్ని, ఫారం 35ను తీసుకొని రవాణా శాఖ కార్యాలయంలో ఆర్.సి.పై ఉన్న బ్యాంకు పేరును తొలగింపజేసుకోవాలి. ఆనాటికి వాహనం ఇంకా గట్టిగా నడుస్తూ ఉంటే, అది తెచ్చే రాబడిలో వాయిదా కింద పోయే భాగం ఇక ఉండదు. రుణం తీసుకొన్న అసలు ప్రయోజనం ఆ రోజుననే మొదలవుతుంది. అందుకు కావలసిన శ్రద్ధను వాహనం ఇంటికి వచ్చిన మొదటి వారం నుంచే అలవరచుకొందురు గాక.